తోడుకి చెంచాడు చాలు, తల్లీ

తల్లీ,

హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ డ్రైవింగ్ రేంజ్‌లో అసిస్టెంట్ కోచ్‌గా చేరిన వారానికే నీ మొదటి పాఠం వీడియో పంపావు. "ఎలా ఉందో చెప్పు మావయ్యా" అన్నావు. మొదటిసారి మురిసిపోతూ చూశాను. రెండోసారి మీ అత్తకి చూపించాను. మూడోసారి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని ఒక్కణ్ణే కూర్చుని చూశాను.

వీడియో నాలుగు నిమిషాలుంది. నీ ఎదురుగా ఉన్నాయనకి అరవై దాటి ఉంటాయి. గోల్ఫ్ క్లబ్బు చేత్తో పట్టడం అదే మొదలని ఆయన వేళ్లు చెబుతున్నాయి. ఆ నాలుగు నిమిషాల్లో నువ్వు ఆయనకి పదకొండు సంగతులు చెప్పావు. తల కదపొద్దన్నావు. ఎడమ మోచెయ్యి వంచొద్దన్నావు. మోకాళ్లు కాస్త వంచమన్నావు. పట్టు వదులు చెయ్యమన్నావు. భుజాలు తిప్పమన్నావు, నడుము ముందు కదలాలన్నావు, బరువు కుడి కాలి మీదికి తెచ్చి మళ్లీ ఎడమ కాలికి పంపమన్నావు. మధ్యమధ్యలో బంతిని కొలిచే రాడార్ మెషీన్ తెర వైపు చూసి బంతి వేగం ఎంతో, లేచిన కోణం ఎంతో చదివి వినిపించావు. అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. ఒకటి తప్పైతే ఫోన్లోనే దిద్దేవాణ్ణి. పదకొండు నిజాల్ని ఒక్క మనిషి నెత్తిన ఒకేసారి పెడితే ఏమవుతుందో ఫోన్లో చెప్పేది కాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్నప్పుడు రాత్రిపూట పాలు తోడు పెట్టే పని మీ అమ్మమ్మ నీకే అప్పజెప్పేది, గుర్తుందా? గిన్నెడు గోరువెచ్చని పాలకి చెంచాడు మజ్జిగ. పెరుగు ఇంకా గట్టిగా రావాలని ఒకసారి నువ్వు గరిటెడు పోశావు. పొద్దునకి పెరుగు పుల్లబడి, నీరు విరిగింది. మజ్జిగ మంచిదే, పాలూ మంచివే. అయినా ఆ పూట ఎవరూ పెరుగన్నం తినలేకపోయారు. నీ పాఠం చూస్తుంటే నాకు ఆ గిన్నే గుర్తొచ్చింది.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్న సంగతి కాదమ్మా, ఒక పిల్లవాడి విషయంలో తప్పు చేసి తెలుసుకున్నది. పన్నెండేళ్లకి ఇక్కడ విశాఖలో క్యాడీగా సంచి మోయడం మొదలుపెట్టాను. పెద్దవాళ్లు ఆడుతుంటే చూసి నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్లు రాకుండానే నేర్పడం మొదలుపెట్టాను. ఆ తొలి రోజుల్లో పద్నాలుగేళ్ల కుర్రాడొకడు వచ్చాడు. వాడి పట్టు వింతగా ఉండేది. రెండు చేతులూ క్లబ్బు మీద ఎవరి దారిన అవి ఉన్నట్టుండేవి. కానీ బంతి మాత్రం దారం పట్టుకున్నట్టు తిన్నగా పోయేది. నాకు అప్పుడు తెలిసినదంతా వాడికి చెప్పెయ్యాలని ఆత్రం. పట్టు మార్చాను. నిలబడే తీరు మార్చాను. క్లబ్బు వెనక్కి తీసే దారి మార్చాను. మూడు నెలల్లో వాడి స్వింగ్ చూడ్డానికి ముచ్చటగా తయారైంది, బంతి మాత్రం తిన్నగా పోవడం మానేసింది. వర్షాకాలం మొదలయ్యాక వాడు రావడం తగ్గించాడు. దసరా తర్వాత ఇక రాలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కనిపించాడు. పెళ్లయింది, చంకలో బిడ్డ. ఎంతో గౌరవంగా నమస్కారం పెట్టాడు. ఆట ఏమైందని అడిగితే, "నాకు గోల్ఫ్ రాలేదండీ" అన్నాడు. వాడికి రాలేదా! వచ్చిన ఆటని నేను పోగొట్టాను. ఆ మాట వాడికి అక్కడే చెప్పి, చేతులు పట్టుకుని క్షమించమన్నాను. వాడు నవ్వేశాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ రోజుకీ కొత్తవాళ్లెవరైనా నా ముందు నిలబడితే మొదట వాడి ముఖమే కళ్ల ముందుకొస్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకి నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు చిన్న ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఇచ్చారు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, ఆస్టిన్ నగరంలో హార్వీ పెనిక్ అనే గోల్ఫ్ గురువు రాసినది. 1992లో వచ్చింది. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం కాబట్టి రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని మీ అత్త పైకి చదివేది, అర్థం చెప్పేది. ఒక్కో చోట ఆపమని, కళ్లు మూసుకుని కాసేపు ఉండిపోయేవాణ్ణి. నేను ఆ కుర్రాడి దగ్గర చేసిన తప్పు ఏమిటో, సముద్రాల అవతల ఉన్న ఒక ముసలాయన నాకు పేరు పెట్టి చెప్పినట్టుండేది. నువ్వు ఇప్పుడు అదే బాటలో అడుగు పెట్టావు కాబట్టి ఆయన గురించి నీకు కాస్త వివరంగా చెబుతాను.

పెనిక్ 1904లో ఆస్టిన్‌లోనే పుట్టాడు. ఎనిమిదేళ్లకి ఆస్టిన్ కంట్రీ క్లబ్‌లో క్యాడీగా చేరాడు. 1923లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకుండానే, అదే క్లబ్‌కి హెడ్ ప్రో అయ్యాడు. 1971లో ఆ బాధ్యత కొడుకు టిన్స్‌లీకి అప్పజెప్పేదాకా ఆ కొలువు మారలేదు. దిగిపోయాక కూడా నేర్పడం మానలేదు. టెక్సస్ విశ్వవిద్యాలయం జట్టుకి 1931 నుంచి 1963 దాకా కోచ్‌గా ఉన్నాడు. ఒక ఊరు, ఒక క్లబ్, ఒక పని. పెద్ద జీతం కోసం పెద్ద ఊళ్లకి పోయినవాడు కాదు. ఆయన దగ్గరికే దేశం నలుమూలల నుంచి మనుషులు వచ్చారు.

ఆయనకి కుర్రతనంలో తానే పెద్ద ఆటగాడు కావాలని ఆశ ఉండేది. ఒకసారి హ్యూస్టన్‌లో పోటీకి వెళ్లినప్పుడు, వర్జీనియా నుంచి వచ్చిన శామ్ స్నీడ్ అనే కుర్రాడు బంతి కొట్టడం విన్నాడు, చూశాడు. ఆ చప్పుడు తన క్లబ్బు నుంచి ఎన్నటికీ రాదని అక్కడికక్కడే తెలిసిపోయింది. కుమిలిపోలేదు. తన చోటు నేర్పేవాడి చోటని తీర్మానించుకుని ఇంటికొచ్చాడు. తల్లీ, పోటీల్లో నువ్వు అనుకున్నంత దూరం పోలేదన్న బాధ నీలో ఇంకా ఉందని నాకు తెలుసు. నేర్పడాన్ని ఓడిపోయినవాళ్లు తలదాచుకునే సత్రంలా చూడకు. స్నీడ్‌కి వచ్చిన విద్య వేరు, పెనిక్‌కి వచ్చినది వేరు. రెండూ విద్యలే.

ఇక ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం చెంచా కొలత. ఆయన దాన్ని మందు బిళ్లతో పోల్చాడు. తలనొప్పికి ఒక బిళ్ల వేసుకోమంటే సీసా మొత్తం మింగెయ్యొద్దని శిష్యుల్ని బతిమాలుకునేవాడు. గోల్ఫ్ స్వింగ్‌లో వెంట్రుకవాసి మార్పు కూడా బంతి దగ్గరికి వచ్చేసరికి పెద్దదైపోతుంది. ఒకటి మారిస్తే దానికి జతపడిన రెండోది చెడుతుంది. ఆ కుర్రాడి వంక పట్టుకి సరిపడా వంకే వాడి స్వింగ్‌లో ఉండేది, రెండూ కలిసి తిన్నగా వచ్చేవి. నేను ఒకటి దిద్ది రెండోదాన్ని అనాథని చేశాను.

ఈ లెక్క చూడు. పైకెత్తిన క్లబ్బు బంతి దగ్గరికి దిగడానికి సెకనులో నాలుగో వంతు పడుతుంది. క్లబ్బు, బంతి ఒకదాన్నొకటి తాకి ఉండే సమయమైతే, సెకనుని రెండు వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. అంతలో మనిషి పదకొండు విషయాలు తలుచుకోగలడా? ఒక్కటి తలుచుకోవడమే గొప్ప. ఆ ఒక్కటి ఏదో ఎంచి చేతిలో పెట్టడమే నీ ఉద్యోగం. మిగతా పది నీకు తెలియక్కర్లేదని అనడం లేదు. తెలియాలి, అన్నీ చూడాలి, చూసి నీ దగ్గర దాచుకోవాలి. వాటికి రోజులున్నాయి. వచ్చే వారం ఒకటి, పైనెల ఒకటి. కొన్నింటిని అసలు చెప్పక్కర్లేదు. ఒకటి కుదిరితే దాని వెనకే మరో రెండు వాటంతట అవే సర్దుకుంటాయి.

మెషీన్ సంగతీ అంతే. రాడార్ అబద్ధం చెప్పదు. నా కంటికి అందనివి కూడా అది పట్టేస్తుంది. దాన్ని నువ్వు బాగా నేర్చుకున్నావు, అది నాకు గర్వం. కానీ తెర మీద కనిపించే అంకెలు డాక్టరు చూసే రక్తపరీక్ష కాగితం లాంటివి. డాక్టరు ఆ కాగితమంతా రోగికి చదివి వినిపించడు. చూసి, ఆలోచించి, "రాత్రిపూట అన్నం తగ్గించండి" అంటాడు. నువ్వూ అలా ఒక్క మాటకి దించు.

రెండో పాఠం, మనిషిని చూడటం. టామ్ కైట్, బెన్ క్రెన్‌షా అని ఇద్దరు పిల్లలు పెనిక్ దగ్గర ఇంచుమించు ఒకే కాలంలో పెరిగారు. కైట్ ఎంత చెబితే అంత సాధన చేసే పిల్లవాడు, ఎండలో గంటలకి గంటలు బంతులు కొట్టేవాడు. క్రెన్‌షాకి ఆట పుట్టుకతో వచ్చినట్టుండేది. అతిగా నేర్పితే ఆ సహజమైన చెయ్యి చెడుతుందేమోనని గురువు భయం. ఒకడికి పాఠం చెబుతుంటే రెండోవాణ్ణి చూడనిచ్చేవాడు కాదట. ఒకడికి మందైనది రెండోవాడికి విషం కావచ్చని. 1972లో ఆ ఇద్దరూ అమెరికా కాలేజీల పోటీలో సరిసమానంగా నిలిచి టైటిల్ పంచుకున్నారు. తర్వాత క్రెన్‌షా రెండుసార్లు మాస్టర్స్ గెలిచాడు. కైట్ 1992లో పెబుల్ బీచ్‌లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. ఒకే గురువు చేతిలో రెండు వేరువేరు స్వింగులు తయారయ్యాయి. మన దగ్గర ఒక్కో అకాడమీలో పిల్లలందరి స్వింగ్ ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. అది కోచ్ గొప్పతనమని తల్లిదండ్రులు పొంగిపోతారు. నువ్వు మాత్రం పొంగిపోకు.

కాబట్టి కొత్తవాళ్లు రాగానే క్లబ్బు చేతికివ్వకు. పది నిమిషాలు మాట్లాడు. ఏం పని చేస్తారు, నడుము నొప్పి ఉందా, మోకాలికి ఆపరేషన్ అయిందా, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు. ఆఫీసులో పెద్దలతో ఆడాల్సి వచ్చి భయపడుతూ వచ్చినవాడి అవసరం వేరు, డాక్టరు నడవమన్నాడని వచ్చినాయన అవసరం వేరు, ఇండియాకి ఆడాలని కలలు కనే పన్నెండేళ్ల పిల్ల అవసరం వేరు. నీ వీడియోలో ఆ పెద్దాయన కుడి భుజం పైకి లేవడం లేదు. ఏదో పాత దెబ్బ. నువ్వు భుజాలు తిప్పమన్నప్పుడల్లా ఆయన పెదవి బిగబట్టాడు. నీ కళ్లు అప్పుడు తెర మీద ఉన్నాయి.

మూడో పాఠం మాట గురించి. చెయ్యకూడనిది చెప్పడం కన్నా చెయ్యాల్సింది చెప్పడమే మేలని పెనిక్ నమ్మకం. "కుడివైపు నీళ్లలో పడెయ్యకండి" అన్నావనుకో, ఆ మనిషి కళ్ల ముందు ఇక నీళ్లే. "ఎడమవైపు ఆ వేపచెట్టు చూసి కొట్టండి" అంటే చెట్టు కనిపిస్తుంది. నిండు గ్లాసు పట్టుకుని నడిచే పిల్లని "ఒలకబొయ్యకు" అని అరిస్తే ఒలకబోస్తుంది. నీ పదకొండింటిలో ఐదు "వద్దు"లున్నాయి, లెక్కపెట్టాను. వాటిని తిరగేసి చెప్పడం అలవాటు చేసుకో. మొదట్లో నాలుక తడబడుతుంది, నెల రోజుల్లో అలవాటవుతుంది. ఆయన తన ఆటగాళ్లకి ఎప్పుడూ చెప్పినది కూడా ఇలాంటిదే. బంతి ముందు నిలబడ్డాక గురి తప్ప ఇంకేదీ మనసులో ఉండకూడదు. స్వింగ్ గురించి ఆలోచించాల్సింది రేంజ్‌లో. మైదానంలో గురి ఒక్కటే.

నాలుగోది, ఆటని తోక నుంచి తలకి నేర్పడం. అందరూ మొదటి రోజే డ్రైవర్ క్లబ్బు పట్టుకుని బంతిని ఆకాశంలోకి పంపాలనుకుంటారు. పెనిక్ పిల్లల్ని రంధ్రం దగ్గర మొదలుపెట్టించేవాడు. ముందు చిన్న పుట్, తర్వాత గ్రీన్ అంచు నుంచి చిప్, అలా వెనక్కి వెనక్కి టీ దాకా. క్రెన్‌షా ఎనిమిదేళ్ల పిల్లవాడిగా వచ్చిన రోజు ముచ్చట ఆ పుస్తకంలో ఉంది. పొట్టిగా కోసిన సెవెన్ ఐరన్ ఇచ్చి, డెబ్బై అయిదు గజాల దూరంలో ఉన్న గ్రీన్ మీదికి కొట్టమంటే కొట్టేశాడట. ఇప్పుడు వెళ్లి రంధ్రంలో వెయ్యమంటే, ఆ ముక్క మొదటే చెబితే మొదటి దెబ్బకే వేసేవాణ్ణి కదా అన్నట్టు అడిగాడట. పిల్లల మనసు చూడు! వాళ్లకి రంధ్రమే ఆట. దూరం గొప్పనేది మనం నేర్పే పాడు అలవాటు.

పార్ 72 మైదానంలో గ్రీన్‌కి రెండు పుట్లు చొప్పున 18 గ్రీన్లకి 36. అంటే ఆటలో సగం నేల మీదే జరుగుతుంది. రంధ్రం వెడల్పు నాలుగుంబావు అంగుళాలు. దానికి నువ్వు ఎంత బలంగా కొట్టగలవన్నది అనవసరం. టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్‌ని తలుచుకో. తల్లి క్యాడీగా పక్కన నడిచింది. బంతిని దూరం కొట్టడంలో అక్కడున్న చాలామంది కన్నా వెనకే. అయినా పుటింగ్‌తో, చిప్పింగ్‌తో నాలుగో స్థానం దాకా వచ్చింది, పతకం ఒక్క దెబ్బలో తప్పింది. ఆ నాలుగు రోజులూ పొద్దున్నే లేచి మీ అత్త, నేను టీవీ ముందు కూర్చున్నాం. ఎవరైనా అమ్మాయి నీ దగ్గరికొచ్చి "నాకు బలం లేదండీ" అంటే ఆ కథ చెప్పు.

ఐదోది, అవతలివాళ్లకి అప్పటికే తెలిసినదాంట్లోంచి నేర్పడం. పెనిక్ శిష్యుల చేత నీళ్లు నిండిన బకెట్‌ని రెండు చేతులా పట్టించి ఒలక్కుండా వెనక్కీ ముందుకీ ఊపించేవాడు. అక్కడి ఇళ్లలో గడ్డి కోసే పొడుగు కత్తి ఒకటుంటుంది, అది ఇచ్చి పెరట్లో గడ్డి కోయమనేవాడు. స్వింగ్ అనే మాటే లేకుండా స్వింగ్ వచ్చేది. ఇది విన్నాక నేను మన ఊళ్లో వెతుక్కున్నాను. జాలరిపేట నుంచి ఒక క్యాడీ కుర్రాడు వచ్చేవాడు. నడుం ముందు, చేతులు తర్వాత అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కేది కాదు. ఒకరోజు, "ఒరే, విసురువల ఎలా వేస్తావురా?" అన్నాను. వల ఉన్నట్టే చేసి చూపించాడు. కాళ్లు కుదురుగా నాటుకున్నాయి, నడుము తిరిగింది, భుజం వెంట వచ్చింది, చేతులు చివరికి వదులుగా విచ్చుకున్నాయి. "అదేరా, క్లబ్బు పట్టుకుని ఆ వల వెయ్యి" అన్నాను. ఆ బంతి పోయిన తీరు ఇప్పటికీ నా కళ్లలో ఉంది. వాడి ఒంట్లో అప్పటికే ఉన్న విద్యకి నేను కొత్త పేరు పెట్టానంతే. నీ దగ్గరికి వచ్చేవాళ్లలో క్రికెట్ ఆడినవాళ్లుంటారు, కూచిపూడి నేర్చిన అమ్మాయిలుంటారు, కొడవలి పట్టిన చేతులుంటాయి. ముందు వాళ్ల విద్య అడుగు.

మరొక మాట. అమ్మాయిలు నీ దగ్గరికి ప్రత్యేకంగా వస్తారు, ధైర్యం చేసి వస్తారు. వాళ్లని రెండో వరసలో నిలబెట్టకు. పెనిక్ గొప్పతనం నాకు అన్నిటికన్నా ఇక్కడ కనిపిస్తుంది. ఆడవాళ్ల గోల్ఫ్‌కి ఇంకా పెద్ద విలువ లేని రోజుల్లోనే ఆయన బెట్టీ జేమ్సన్, బెట్సీ రాల్స్, మికీ రైట్, కాథీ విట్‌వర్త్, శాండ్రా పామర్ లాంటివాళ్లకి నేర్పాడు. బెట్సీ రాల్స్ ఆస్టిన్‌లో భౌతికశాస్త్రం చదువుకుంటూ ఆయన దగ్గర నేర్చుకుంది, నాలుగుసార్లు యు.ఎస్. విమెన్స్ ఓపెన్ గెలిచింది. విట్‌వర్త్ న్యూమెక్సికోలోని జాల్ అనే చిన్న ఊరి పిల్ల. ఆమె మొదటి గురువు హార్డీ లౌడర్‌మిల్క్, తనకి తెలిసినది అయిపోయిందని ఒప్పుకుని ఆమెని పెనిక్ దగ్గరికి పంపాడు. తల్లి కారు నడుపుకుంటూ సుమారు నాలుగు వందల మైళ్లు తీసుకొచ్చేది. ఆ పిల్ల తర్వాత ఎల్‌పీజీఏలో 88 పోటీలు గెలిచింది.

ఈ కథలో నేను లౌడర్‌మిల్క్‌కి కూడా దణ్ణం పెడతాను. శిష్యురాలు తన చెయ్యి దాటి ఎదగాలని పంపేశాడు. పెనిక్ కూడా ఆ పిల్లకి ఏం చెప్పాడో ఫోన్ చేసి మొదటి గురువుకి తెలియజేసేవాడట, ఇంటికెళ్లాక ఆయన చూసుకోవాలి కదా అని. మన మధ్య ఇలాంటి మర్యాద తక్కువ. నీ దగ్గరికి వచ్చిన పిల్లకి నీకన్నా బాగా నేర్పేవాళ్లు ఉన్నారని అనిపిస్తే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అప్పగించు. వేరే కోచ్ దగ్గర నేర్చుకుని వచ్చినవాళ్ల ముందు ఆ కోచ్‌ని తక్కువ చేసి ఒక్క మాట అనకు.

సంచి మోసే క్యాడీలతో, గ్రీన్ మీద గడ్డి కోసే మాలీలతో నీ నడవడి ఎలా ఉండాలో నీకు చెప్పక్కర్లేదు, నువ్వు ఈ ఇంటి పిల్లవి. అయినా కొత్త యూనిఫాం వేసుకున్నాక మనుషులు మారడం చూశాను. పెనిక్ క్యాడీ. ఇండియన్ ఓపెన్‌ని 2016లో, 2017లో వరసగా గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్‌లో గడ్డి సంరక్షణ చూసేవాడు. పెద్దలు ఆడుతుంటే చూసి నేర్చుకున్నాడు చౌరాసియా. గ్రీన్ ఏ వైపు వాలిందో ఆ మాలీకి తెలిసినంతగా మనకి తెలియదు. వెళ్లి అడుగు.

ఆరోగ్యం సంగతి రెండు ముక్కలు. పొద్దున్నుంచి ఎండలో నిలబడే ఉద్యోగం నీది. టోపీ మానకు, మజ్జిగ సీసా దగ్గర పెట్టుకో. బంతులు పెట్టడానికి రోజుకి వంద సార్లు వంగుతావు, నడుముతో కాదు మోకాళ్లతో వంగు. నా నడుము చూశావు కదా. పాఠం చెబుతున్నంతసేపూ ఫోన్ సంచిలో ఉండాలి.

ఇక నోట్‌బుక్. పెనిక్ ఇరవయ్యో దశకం నుంచి ఒక ఎర్ర నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాడు. ఏ మాట ఎవరికి పనిచేసింది, ఏది బెడిసికొట్టింది. దాన్ని బ్రీఫ్‌కేసులో పెట్టి తాళం వేసుకునేవాడు. దశాబ్దాల పాటు కొడుకు తప్ప ఇంకెవరూ అందులోకి తొంగి చూడలేదు. 1991లో, ఎనభై ఏడో ఏట, బడ్ ష్రేక్ అనే రచయితని పిలిచి దాన్ని చేతికిచ్చాడు. అదే ఆ పుస్తకమైంది. గోల్ఫ్ పుస్తకాల్లో అంతగా అమ్ముడుపోయినవి బహు తక్కువ. ప్రచురణకర్తలు ఇన్ని వేల డాలర్లకి ఒప్పుకున్నారని కబురు వస్తే, అంత సొమ్ము తాను ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టగలనని ఆయన దిగులు పడ్డాడట. ఆ డబ్బు తనకే ఇస్తారని తట్టని మనిషి.

ఆ కథ మీ అత్త చదివినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత కళ్లు చెమర్చాయి. ఆయన అరవై ఏళ్లు రాసుకున్నది అమ్ముకోవడానికి కాదు. మర్నాడు వచ్చే శిష్యుడికి నిన్నటికన్నా బాగా చెప్పడానికి. నువ్వూ ఒక నోట్‌బుక్ కొనుక్కో. ప్రతి రాత్రి పడుకునే ముందు మూడు వాక్యాలు రాయి. ఈ రోజు ఎవరికి ఏ ఒక్క మాట చెప్పాను, అది పనిచేసిందా, చెప్పకుండా ఏది దాచుకున్నాను. ఆ మూడోదే నీకు గురుత్వం నేర్పుతుంది. నాకు ఆ బుద్ధి ఆలస్యంగా పుట్టింది, అయినా నా దగ్గర పదిహేడు నోట్‌బుక్కులున్నాయి. బీరువాలో పై అరలో. అవి నీవే. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకెళ్లు. మొదటిదాంట్లో మొదటి పేజీ నిండా ఆ కుర్రాడి గురించే రాసి ఉంటుంది. అది ముందు చదువు.

పెనిక్ చివరి పాఠం సంగతి చెప్పి ముగిస్తాను. 1995 వసంతంలో ఆయన మంచాన పడి ఉన్నాడు. క్రెన్‌షా చూడ్డానికి వచ్చాడు. అప్పటికి అతనికి 43 ఏళ్లు, ఆట గాడి తప్పి ఉంది. ఆ ముసలాయన ఇంట్లో ఉన్న పుట్టర్ ఒకటి తెమ్మని, మంచం పక్క తివాచీ మీదే పుటింగ్ చూశాడు. రెండు మంచి ప్రాక్టీసు స్ట్రోకులు వేసుకో, నిన్ను నువ్వు నమ్ముకో, క్లబ్బు తల చేతుల్ని దాటి ముందుకి పోకుండా చూసుకో. అంతకు మించి ఏమీ లేదు. డెబ్బై ఏళ్ల పైచిలుకు అనుభవం, ఎందరో ఛాంపియన్లని చేసిన చెయ్యి, వెళ్లిపోతున్న మనిషి. ఎంత చెప్పాలని ఉంటుంది! చెంచాడే ఇచ్చాడు.

ఏప్రిల్ 2న ఆయన కన్నుమూశాడు. బుధవారం నాడు క్రెన్‌షా, కైట్ మాస్టర్స్ జరిగే అగస్టా నుంచి ఆస్టిన్ వెళ్లి గురువు అంత్యక్రియలకి హాజరై, శవపేటిక మోసి, మళ్లీ ఆటకి వచ్చారు. 9వ తేదీ ఆదివారం క్రెన్‌షా ఒక్క దెబ్బ తేడాతో మాస్టర్స్ గెలిచాడు. చివరి పుట్ రంధ్రంలో పడగానే రెండు చేతుల్లో ముఖం దాచుకుని అక్కడే వంగిపోయాడు. సంచిలో పద్నాలుగు క్లబ్బులకి మించి ఉండకూడదని ఆట నియమం. ఆ రోజు తన సంచిలో పదిహేనోది ఉందని, అది హార్వీ అని అతను తర్వాత చెప్పుకున్నాడు. ఒక్క దెబ్బ తేడాతో రెండో స్థానంలో నిలిచిన డేవిస్ లవ్ ఎవరనుకున్నావు? అతని తండ్రి కూడా కాలేజీ రోజుల్లో పెనిక్ శిష్యుడే.

తల్లీ, మనకి అగస్టా దాకా వెళ్లే శిష్యులు రావచ్చు, రాకపోవచ్చు. నాకు రాలేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో బ్యాంకు గుమాస్తాలున్నారు, షిప్‌యార్డ్ ఇంజినీర్లున్నారు, భర్త పోయాక ఇంట్లో ఉండలేక వచ్చిన ఒకావిడ ఉంది. డెబ్బై ఏళ్లు దాటినా ఆవిడ ఇప్పటికీ వారానికి రెండు రోజులు తొమ్మిది రంధ్రాలు ఆడుతుంది. నా బతుకులో నాకు దక్కిన కప్పు అదే.

నీ వీడియో ఇంకొక్కసారి పెట్టి చూడు. మూడు నిమిషాల నలభయ్యో సెకను దగ్గర ఆపు. అక్కడ ఆ పెద్దాయన, నీ పదకొండు మాటలూ మరిచిపోయి, ఒక బంతిని హాయిగా కొడతాడు. చప్పుడు విను, శుభ్రంగా తగిలింది. బంతి లేవగానే ఆయన ముఖం చంటిపిల్లాడి ముఖంలా వెలిగిపోతుంది. వెంటనే నీ వైపు తిరుగుతాడు, చూశావా అన్నట్టు. నువ్వు తెర మీద అంకె చదువుతున్నావు. ఆయన ఒక్క క్షణం ఆగి, మళ్లీ తల వంచుకుని ఇంకో బంతి పెట్టుకుంటాడు.

రేపు ఆయన వస్తాడు కదా. మెషీన్ కట్టెయ్యి. ఆయన భుజానికి ఏమైందో అడుగు. ఒక్క మాట చెప్పు, ఆ తర్వాత చేతులు కట్టుకుని పక్కన నిలబడు. అలాంటి బంతి మళ్లీ ఒకటి వస్తుంది. ఆయన తిరిగి చూసేసరికి నీ కళ్లు ఆయన మీద ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మావయ్య